ఆషాఢంలో డీజేకి పనేంటి?

గోదావరి డెల్టాలో డీజే పని పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. హైదరాబాద్ క్లబ్బులో వాయించేవాడికి వారమంటే శుక్రవారం, శనివారం. అమలాపురం, పాలకొల్లు, తణుకు, రావులపాలెం చుట్టుపక్కల వాయించేవాడికి వారాలతో నిమిత్తం లేదు, ముహూర్తం ఏ రోజు పడితే ఆ రోజే. మాఘం నుంచి పెళ్లిళ్లు మొదలవుతాయి. ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, మళ్లీ శ్రావణం. భాద్రపదంలో పెళ్లిళ్లు లేకపోయినా వినాయకుడు ఆదుకుంటాడు. ఆ వెంటనే దసరా. సంక్రాంతి మూడు రోజులూ ఊపిరాడదు. నడుమ నడుమ అమ్మవారి సంబరాలు, తీర్థాలు, ఓణీల ఫంక్షన్లు సరేసరి.

ఇక ఆషాఢం వచ్చిందంటే బాక్సులు షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని పడుకుంటాయి. మూఢం రోజులూ అంతే. అధికమాసం పడితే సీజన్ మధ్యలోనే గండి. 2023లో శ్రావణం అధికమైంది, 2026లో జ్యేష్ఠం వంతు. ఆ నెలల్లో చాలామంది ఫోన్ మోగడం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఇంకొందరు లైటింగ్ పనికో, షామియానా పనికో వెళ్తారు. డీజేగా ఇంట్లోకి బియ్యం వచ్చేది సీజన్‌లోనే, అందులో అనుమానం లేదు. కానీ పదేళ్ల తర్వాత ఆ కుర్రాడు ఏమవుతాడన్నది ఎక్కువగా ఈ ఖాళీ నెలల్లో ఏం చేశాడన్న దాన్ని బట్టే ఉంటుంది.

ఒకే మాట, మూడు పనులు

"పెళ్లికి డీజే మాట్లాడాం" అని ఇక్కడ ఎవరైనా అంటే ఆ మాటకు అర్థం మనిషి కాదు, బండి. ట్రక్కు మీదో, మినీ లారీ మీదో పేర్చిన బేస్ బాక్సులు, టాప్‌లు, యాంప్లిఫయర్లు, జనరేటర్, తిరిగే లైట్లు, ఇదంతా కలిపి డీజే. ల్యాప్‌టాప్ ముందు నిలబడ్డ కుర్రాడు ఆ సరంజామాలో ఒక వస్తువు. ఊరివాళ్లు బేరమాడేది బాక్సుల లెక్కన. అడ్వాన్స్ పుచ్చుకునేది బండి యజమాని. కుర్రాడికి ముట్టేది ఆ రోజు కూలి, బాగా వాయించాడని పెళ్లికొడుకు స్నేహితులు జేబులో పెట్టే నోటు.

ఆ పేరు పుట్టినచోట అర్థం వేరు. డిస్క్ జాకీ అంటే రికార్డులు ఎంచి వేసేవాడు. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే కుర్రాడు, పాటలో జనం ఎగిరేది డ్రమ్ములు ఒంటరిగా మోగే ముక్క దగ్గరేనని కనిపెట్టి, ఒకే రికార్డు రెండు కాపీలు పక్కపక్కన పెట్టి ఆ ముక్కనే సాగదీశాడు. పరికరం అద్దెకు ఇవ్వడం ఒక పని, పాటలు ఎంచి కలపడం ఇంకొక పని. మూడోది ప్రొడ్యూసర్ పని, అంటే పాటనే కొత్తగా తయారు చేయడం. డెల్టాలో ఈ మూడూ ఒకే మాటలో ఇరుక్కుపోయాయి, అక్కడే కుర్రాళ్ల లెక్క తప్పుతోంది. మొదటి పనిలో ఎదగాలంటే పెట్టుబడి కావాలి. పక్క ఊరివాడు ఇంకో నాలుగు బాక్సులు కలిపితే నిరుటి పెట్టుబడి పాతదైపోతుంది. రెండో పనికి చెవి కావాలి, కానీ ఊరేగింపులో ఆ చెవికి విలువ కట్టేవాళ్లు తక్కువ. ప్రపంచంలో పేరున్న డీజేల్లో చాలామందికి దారి తెరిచింది మూడోదే. నెదర్లాండ్స్ కుర్రాడు మార్టిన్ గారిక్స్ 2013లో, 17 ఏళ్ల వయసులో, సొంత ట్రాక్‌తో లోకానికి తెలిశాడు. పెద్ద వేదికలు ఆ తర్వాత వచ్చాయి. మన దేశంలో న్యూక్లియా పేరుతో వాయించే ఉద్యన్ సాగర్‌కి గుర్తింపు తెచ్చింది కూడా మన వీధుల్లో మోగే వాద్యాలను బేస్ సంగీతంలోకి తెచ్చిన సొంత పనే.

రీమిక్స్ ఎవరి ఆస్తి?

డెల్టా కుర్రాళ్లు సంగీతం చేయడం లేదనుకుంటే పొరపాటు. చేస్తున్నారు, అదీ విపరీతంగా. యూట్యూబ్‌లో రోడ్ షో మిక్స్ అని వెతికితే తెలుగు సినిమా పాటల రీమిక్సులు లెక్కలేనన్ని కనిపిస్తాయి. ప్రతి అర నిమిషానికీ ఫలానా డీజే అంటూ ఉరిమే వాయిస్ ట్యాగ్, నడుమ సినిమా డైలాగు, కింద అదే కిక్కు, అంటే బేస్ డ్రమ్ దెబ్బ. కొందరు ఎఫ్‌ఎల్‌పీ, అంటే ప్రాజెక్టు ఫైలే, తోటి డీజేలకు అమ్ముతారు. వీటిలో చేతిపని ఉంది. కొన్నిటిలో బేస్ కట్టిన తీరు చూస్తే నగరాల్లో స్టూడియోలు పెట్టుకున్నవాళ్లు కూడా తల ఊపాల్సిందే. కానీ ఆ పని ఎవరి ఖాతాలోకి వెళ్తోంది?

సినిమా పాటలో కనీసం రెండు హక్కులుంటాయి. బాణీ, సాహిత్యం ఒక హక్కు. రికార్డు చేసిన శబ్దం ఇంకొకటి, ఇది సాధారణంగా ఆడియో కంపెనీది. రీమిక్స్ ఈ రెండింటినీ తాకుతుంది. అనుమతి లేకుండా అప్‌లోడ్ చేస్తే పాటలను గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ కంటెంట్ ఐడీ పసిగడుతుంది. అదృష్టం బాగుంటే ప్రకటనల డబ్బు కంపెనీకి పోతుంది, బాగోకపోతే వీడియో పోతుంది. కంపెనీ నేరుగా ఫిర్యాదు చేసి స్ట్రైక్, అంటే కాపీరైట్ హెచ్చరిక, వేయిస్తే ఇంకా ప్రమాదం. 90 రోజుల్లో అలాంటివి మూడు పడితే చానెల్ మొత్తం ఎగిరిపోవచ్చు. అప్పుడు ఐదేళ్లు కూడబెట్టిన సబ్‌స్క్రైబర్లు, వాళ్లతోపాటు పేరు, పొద్దున లేచేసరికి ఉండవు.

అయితే పెళ్లి ఊరేగింపులో సినిమా పాట వేస్తే నేరమా? కాదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, మతపరమైన వేడుకలో భాగంగా పాట వినిపించడాన్ని ఉల్లంఘన కాదంటుంది. పెళ్లి ఊరేగింపునూ, పెళ్లికి సంబంధించిన సంబరాలనూ కూడా అందులోనే చేర్చింది. టికెట్ పెట్టిన న్యూ ఇయర్ పార్టీకి, రిసార్టులో ఈవెంటుకి ఈ మినహాయింపు వర్తించదు. అక్కడ నిర్వాహకుడు లైసెన్సు తీసుకోవాలి. ఈ తేడా తెలియక, "పెళ్లిలో ఎవరూ అడగలేదు కదా" అనుకుని ఈవెంటుకి ఒప్పుకుని చిక్కుల్లో పడే అవకాశం ఉంది.

సొంత ట్రాక్ విషయంలో లెక్క తిరగబడుతుంది. బాణీ తనదే, రికార్డింగు తనదే. పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ద్వారా విడుదల చేస్తే ప్రతి ట్రాక్‌కీ ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాలు, అంకెల గుర్తింపు వస్తుంది. ట్రాక్ ఎక్కడ మోగినా లెక్క ఆ గుర్తింపుతోనే కలుస్తుంది. 1969లో ఏర్పడిన, స్వరకర్తలకూ రచయితలకూ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో స్వరకర్తగా, రచయితగా సభ్యత్వం తీసుకుంటే బాణీ మీద వచ్చే రాయల్టీ వేరుగా అందుతుంది. 2012లో చట్టానికి చేసిన సవరణ వల్ల సినిమాకు ఇచ్చిన పాట మీద కూడా స్వరకర్త, రచయిత తమ రాయల్టీ వాటాను పూర్తిగా వదులుకునేలా రాయించుకోవడానికి వీల్లేదు. డబ్బు మాత్రం మొదట్లో చాలా తక్కువ, అబద్ధం ఆడక్కర్లేదు. స్పాటిఫై అయితే 2024 నుంచి, ఏడాదిలో కనీసం 1000 సార్లు వినబడని ట్రాక్‌కి పైసా ఇవ్వడం లేదు. ఆ వెయ్యి దాటడం కొత్తవాడికి చిన్న పనేం కాదు. అందుకే సీజన్ కూలిని తీసిపారేయకూడదు. కొబ్బరితోట కాపుకొచ్చేదాకా అంతరపంటగా వేసిన అరటే కదా ఇల్లు నడిపేది.

తకిటకీ తకధిమికీ మధ్య

డెల్టాలో ఈడీఎమ్ (ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్) చేయబోయేవాడికి అసలు చిక్కు సాఫ్ట్‌వేర్‌లో లేదు, నడకలో ఉంది. హౌస్, టెక్నో, ట్రాన్స్, పేరేదైనా వెన్నెముక చతురశ్రం. నిమిషానికి 120 నుంచి 140 దాకా దెబ్బలు, ప్రతి దెబ్బకీ కిక్కు, ఆ దెబ్బ నాలుగు ముక్కలు, తకధిమి తకధిమి. మన ఊరేగింపు కాళ్లు లేచేది తిశ్రానికి. దెబ్బకు మూడు ముక్కలు, తకిట తకిట. సంబరంలో గరగలు ఎత్తినప్పుడు మోగే డప్పు వినండి, వీరనాట్యంలో వీరణం వినండి, మాస్ సినిమా పాటల్లో చాలావాటిని వినండి, ఆ ఊపు ఈ మూడులోనే ఉంది. అందుకే విదేశీ ట్రాక్ యథాతథంగా వేస్తే కుర్రాళ్లు ఒక నిమిషం చేతులు పైకెత్తి, తర్వాత బండి దగ్గరికొచ్చి "అన్నా, మాస్ వెయ్యన్నా" అంటారు. వాళ్లకు సంగీతం తెలియక కాదు, ఆ దెబ్బ మధ్యలో వాళ్ల కాళ్లకు చోటు దొరక్క.

చిక్కు ఉన్నచోటే సరుకూ ఉంది. కిక్కును నాలుగు దెబ్బల మీదే ఉంచి, పైన డప్పును తిశ్రంలో నడిపితే రెండూ ఒకేసారి వినబడతాయి. సాఫ్ట్‌వేర్‌లో గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కి మార్చడమే పని, అయినా చాలామంది ఆ బటన్ జోలికే పోరు. ఇంకో కిటుకు లెక్కలో ఉంది. నిమిషానికి 96 దెబ్బల వేగంలో మూడు దెబ్బలకు పట్టే కాలమూ, 128 వేగంలో నాలుగు దెబ్బలకు పట్టే కాలమూ ఒకటే. 96లో మూడేసి దెబ్బల ఆవృత్తం నడుస్తుండగా దాని మీదకి 128 కిక్కు నెమ్మదిగా దించితే, జనానికి వేగం మారినట్టు తెలియకుండానే కాలు మారుతుంది. మృదంగం నేర్చుకునే పిల్లలకు గతి భేదం పేరుతో ఇలాంటి లెక్కలు మాస్టారు నోటితోనే చెప్పిస్తారు. డీజే నేర్పుతామనే కోర్సుల్లో ఇది దొరకడం అరుదు. ఊళ్లో మృదంగం మాస్టారు ఉంటే, ఆషాఢంలో నెల రోజులు ఆయన దగ్గర కూర్చోవడం ఆన్‌లైన్ కోర్సు కంటే లాభం.

శబ్దాలను కొనుక్కోవాల్సిన అవసరమూ లేదు. అందరూ వాడే శాంపిల్ ప్యాకుల్లో ఉన్న కిక్కులే ప్రపంచమంతా మోగుతున్నాయి. ఇక్కడివాడికి మాత్రమే చేతికందేది వేరే ఉంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మేళాల హోరు, అంతర్వేది రథోత్సవంలో జనం కేక, లాకుల దగ్గర నీటి చప్పుడు, రేవులో పంటు ఇంజను. చిన్న రికార్డర్ ఒకటి, గాలి తగలకుండా దానికో తొడుగు చాలు. డప్పు రికార్డు చేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. డెల్టా గాలిలో తేమకు తోలు సడలిపోతుంది. కళాకారులు మంట దగ్గర కాచి వాయించేది అందుకే. కాచిన వెంటనే రికార్డు చేయకపోతే పది నిమిషాల తర్వాత తీసిన దెబ్బ మొదటి దెబ్బతో కలవదు. సన్నాయి అయితే ముందు దాని శ్రుతి చూసుకుని, కిక్కును, బేస్‌ను దానికి సరిపెట్టుకోవాలి. సన్నాయిని స్వరం స్వరంగా కోసి అతికిస్తే గమకం చచ్చిపోతుంది. ఒక సంగతి (స్వరాల వరస) మొత్తం ఒక్క గుక్కలో తీసుకోవడం మేలు. ఇక వాయించినవాళ్లకు డబ్బిచ్చి, ఏ ట్రాక్‌లో వాడుకుంటున్నదీ ఒక కాగితం మీద రాసి సంతకం తీసుకోవాలి. సినిమా కంపెనీ హక్కుల గురించి భయపడేవాడు డప్పు కళాకారుడి హక్కును గాలికి వదిలేస్తే అది న్యాయం కాదు.

పరికరం ఖరీదైనది కాదని దిగులు పడేవాళ్లు రోలాండ్ టీఆర్-808 కథ వినాలి. 1980లో వచ్చిన ఆ డ్రమ్ మెషీన్ అసలు డ్రమ్ములా మోగలేదని సరిగ్గా అమ్ముడుపోలేదు. దాదాపు 12,000 తయారు చేసి ఆపేశారు. అవి సెకండ్‌హ్యాండ్ షాపుల్లో చవకగా దొరకబట్టే చేతిలో డబ్బు లేని కుర్రాళ్లు కొన్నారు, వాళ్ల చేతుల్లో హిప్‌హాప్, షికాగో హౌస్ ఎదిగాయి. అదే 808నీ, టీబీ-303 అనే చిన్న బేస్ యంత్రాన్నీ ముంబైలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు 1982లోనే రాగాలకు వాడి ఆల్బమ్ తెచ్చాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక, షికాగోవాళ్ల ఆసిడ్ హౌస్‌కి ఐదేళ్ల ముందే ఈ శబ్దం ఇక్కడ పుట్టిందా అని ప్రపంచం నోరెళ్లబెట్టింది.

ఖాళీ నెలల పని

మామూలు ల్యాప్‌టాప్, రెండు చానెళ్ల కంట్రోలర్, ఆడియో ఇంటర్‌ఫేస్, మూసి ఉండే హెడ్‌ఫోన్. మొదలుపెట్టడానికి ఇంతకు మించి అక్కర్లేదు. ఇక్కడ ఎక్కువమంది చేతిలో ఉండేది ఎఫ్‌ఎల్ స్టూడియో. 1997లో బెల్జియం నుంచి వచ్చింది, ఒకసారి కొంటే ఆ తర్వాతి వెర్షన్లు ఉచితం. అయినా క్రాక్ కాపీలే తిరుగుతుంటాయి, వాటితోపాటు వైరసులూ. కొనలేనివాడికి ట్రయల్ ఉంది. అందులో పాట చేసి ఆడియోగా బయటికి తీసుకోవచ్చు కానీ, సేవ్ చేసిన ప్రాజెక్టు మళ్లీ తెరుచుకోదు. మొదలుపెట్టిన పాట ఒకే కూర్చోవడంలో పూర్తి చేయక తప్పదు. సగం సగం చేసిన నలభై ప్రాజెక్టులతో హార్డ్‌డిస్క్ నింపుకునేవాళ్లకు ఇది మందులాంటిది.

బండి మీద మోగేలా మిక్స్ చేయడం వేరే విద్య. ఊరేగింపు బాక్సులు సాధారణంగా 40 హెర్ట్జ్ కిందకు, అంటే మరీ లోతైన బేస్‌లోకి, సరిగ్గా దిగవు. అక్కడ శక్తి పోస్తే యాంప్లిఫయర్ వేడెక్కుతుంది తప్ప గుండెకు దెబ్బ తగలదు. 50, 60 మధ్య కిక్కు కడితే బండి బాగా పలుకుతుంది. స్టీరియో గారడీలన్నీ హెడ్‌ఫోన్‌లోనే. రోడ్డు పక్కన నిలబడ్డవాడికి చేరేది ఒక వైపు శబ్దమే కాబట్టి, మిక్స్‌ను మోనోలో, అంటే రెండు వైపులా కలిపి ఒకే శబ్దంగా, విని ఏదైనా మాయమవుతోందా అని చూసుకోవాలి.

చెవి సంగతి ఎవరూ మాట్లాడరు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చనీ, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుందనీ వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. అంటే 100 దగ్గర పావుగంట. బండి మీద నిలబడే కుర్రాడు ఆ పావుగంటను మొదటి వీధిలోనే ఖర్చు చేసేస్తాడు. చెవిలో హోరు మొదలైతే తిరిగి పోతుందన్న హామీ లేదు. మిక్సింగ్ చేసి బతకాలనుకునేవాడికి అది చేతివేలు తెగడంతో సమానం. సంగీతకారుల కోసం తయారుచేసే ఇయర్‌ప్లగ్గులు బేస్‌నీ, ట్రెబుల్‌నీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి, దూది అలా చేయదు.

చట్టం లెక్క ఇంకా గట్టిది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ మోగకూడదు. పండగల పేరుతో ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా అనుమతివ్వొచ్చు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే దాదాపు 60 ఉంటుంది. ఆ లెక్కన ఏ బండీ నిలవదు, నడుస్తున్నదంతా చూసీ చూడనట్టు వదిలేయడం వల్లే. ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇళ్ల నుంచి వచ్చే ఫిర్యాదుల్లో న్యాయం ఉంది. పోలీసులు గట్టిగా పట్టుకున్న రోజున బాక్సుల లెక్క మీద కట్టిన వ్యాపారం చిక్కులో పడుతుంది. తక్కువ శబ్దంలో కూడా జనాన్ని నిలబెట్టగలవాడికి ఆ రోజు గిరాకీ.

బయటి వేదికలు కావాలంటే విశాఖ, హైదరాబాద్ తప్పదు. డెల్టాలో డీజే వాయించే క్లబ్బులు దాదాపు లేవు. కాకినాడలోనో రాజమండ్రిలోనో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. అక్కడ ల్యాప్‌టాప్ కంటే పెన్‌డ్రైవ్ ముఖ్యం. క్లబ్బుల్లో ఎక్కువగా ఉండేవి పెన్‌డ్రైవ్ నుంచి పాటలు చదివే సీడీజే ప్లేయర్లు కాబట్టి, పాటలన్నీ వాటికోసం సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్ రికార్డ్‌బాక్స్‌లో ముందే విశ్లేషించి పెట్టుకోవాలి. కొత్తవాడికి దొరికేది మొదటి గంట. గ్లాసులు ఇంకా నిండని హాలులో నెమ్మదిగా వేడెక్కించాలి. ఊరేగింపు అలవాటుతో మొదటి పాటకే బాంబు పేలిస్తే తర్వాత వాయించేవాడికి కోపం, నిర్వాహకుడు రెండోసారి పిలవడు. పెద్ద ఈవెంట్ కంపెనీలు టీడీఎస్ పట్టుకుని బ్యాంకులో వేస్తాయి, పాన్ కార్డు, బిల్లు సిద్ధంగా ఉండాలి. సేవల మీద ఏడాది ఆదాయం 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ సాధారణంగా అక్కర్లేదు. ఆ టెన్షన్ వచ్చిన రోజు సంతోషించాల్సిన రోజే.

సొంత ట్రాక్‌ను మొదట పరీక్షించడానికి మాత్రం క్లబ్బు అక్కర్లేదు. శ్రావణంలో మొదటి ఊరేగింపు చాలు. నాలుగు మాస్ పాటలు పడి, కుర్రాళ్లు చెమట తుడుచుకుని నీళ్లు తాగే సమయంలో ఒక్క నిమిషంన్నర వేసి చూడాలి. వాయిస్ ట్యాగ్ లేకుండా, ఇది ఎవరిదో చెప్పకుండా. "అన్నా, మార్చన్నా" అని ఎవరూ బండి ఎక్కకపోతే, తర్వాతి పెళ్లిలో రెండు నిమిషాలు.